గాల్వెస్టన్ నుంచి మొదటి క్రూజ్: అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు, గడువు తీరిన స్టాంపింగ్

ఫ్రిస్కో_నాన్న
డిసెంబర్ సెలవుల్లో గాల్వెస్టన్ (టెక్సాస్ రేవు) నుంచి క్రూజ్, అంటే ఓడ విహారం, అనుకుంటున్నాం. ఆరుగురం: మేమిద్దరం, 11 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్న. ఎవరికీ ఓడ అనుభవం లేదు. రెండు ప్లాన్లు చూశాం. ఒకటి 7 రాత్రులు: కోజుమెల్, రోటాన్, కోస్టా మాయా. రెండోది 5 రాత్రులు: కోజుమెల్, ప్రోగ్రెసో. రాత్రికింత అని లెక్క వేస్తే 7 రాత్రులదే చవక.
నాన్నకి 70, మోకాళ్ల నొప్పులు, ఇన్సులిన్ వాడతారు. అమ్మకి 65, గుడ్డు కూడా ముట్టదు. నావి, మా ఆవిడవి, పాపవి పాస్‌పోర్టుల్లోని హెచ్ వీసా స్టాంపులు గడువు తీరిపోయాయి, ఐ-797 (స్టేటస్ మంజూరైనట్టు ఇచ్చే కాగితం) మాత్రం 2027 దాకా ఉంది. అమ్మానాన్నలది 10 ఏళ్ల బి2 విజిటర్ వీసా. బాబు ఇక్కడే పుట్టాడు.
ఎన్ని క్యాబిన్లు తీసుకోవాలి, ఏ డెక్ (అంతస్తు), తిండి సంగతేంటి, టికెట్ మీద ఇంకా ఏమేం పడతాయి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బాల్కనీ_బాబ్జీ
7 రాత్రులది కళ్లు మూసుకుని బుక్ చేసేయండి. రోటాన్ నీళ్లు అద్దంలా ఉంటాయి.

ఐ94_అన్నయ్య
బాబ్జీ గారూ, ఆగండి. ఆయన స్టాంపులు తీరిపోయాయని రాశారు కదా. రోటాన్ హోండురాస్‌లో ఉంది, ఈ కుటుంబానికి ఆ ఓడ కుదరదు.
గాల్వెస్టన్‌లో ఎక్కి గాల్వెస్టన్‌లోనే దిగినా, మధ్యలో వేరే దేశం రేవు తాకితే అమెరికా వదిలి వెళ్లినట్టే లెక్క. తిరిగి రావాలంటే వీసా చెల్లుబాటులో ఉండాలి. ఒక్క మినహాయింపు ఉంది, ఆటోమేటిక్ రీవాలిడేషన్. 30 రోజులకు మించకుండా కెనడాకో మెక్సికోకో మాత్రమే వెళ్లి, చెల్లే ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు), అదే స్టేటస్‌లో తిరిగొస్తే, తీరిపోయిన స్టాంపుతోనే రానిస్తారు. ఆ ప్రయాణంలో అక్కడ కొత్త వీసాకి దరఖాస్తు చేసి ఉండకూడదు. బహామాస్, జమైకా లాంటి దీవులకు ఈ వెసులుబాటు ఎఫ్ (చదువు), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకే, హెచ్ వాళ్లకు లేదు. హోండురాస్, బెలీజ్ ఎవరికీ లేవు. కాబట్టి మీకు మిగిలేది మెక్సికో రేవులు మాత్రమే ఉన్న ఓడ.

ఫ్రిస్కో_నాన్న
అయితే కోజుమెల్, ప్రోగ్రెసో రెండూ మెక్సికోనే. 5 రాత్రులది బుక్ చేస్తే ఇబ్బంది లేదన్నమాటేనా?

ఐ94_అన్నయ్య
ఇంకా మూడు ముడులున్నాయి.
మొదటిది, ఇది అమెరికాలోకి తిరిగి రావడం గురించిన నియమం. మెక్సికోలో దిగడం వేరే సంగతి. మెక్సికో మనవాళ్లకు వీసా అడగకపోవడానికి కారణం చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉండటం. అమ్మానాన్నలకు అది ఉంది. మీ ముగ్గురికీ లేదు. ఓడ ప్రయాణికుల విషయంలో ఏం అడుగుతారో క్రూజ్ కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో "పర్లేదు సార్" అన్నమాట ఓడ ఎక్కేరోజు కౌంటర్‌లో చెల్లదు. పేర్లు, పాస్‌పోర్ట్ దేశం, స్టాంపు తీరిన తేదీ, ఐ-797 గడువు, వెళ్లే రేవులు అన్నీ ఈమెయిల్‌లో రాసి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి. జవాబు తృప్తిగా లేకపోతే మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవడమే నిశ్చింత.
రెండోది, ఓడ దారి మార్చొచ్చు. గాలి ఎక్కువైతే కెప్టెన్ ఒక రేవు వదిలేసి ఇంకోదానికి వెళ్తాడు, టికెట్ షరతుల్లో ఆ హక్కు కంపెనీకే ఉంటుంది. ఆ రేవు మెక్సికోది కాకపోతే మీ మినహాయింపు పోతుంది. 5 రాత్రుల ఓడ సాధారణంగా రేవు మానేసి సముద్రంలోనే ఉండిపోతుంది గానీ, మీ కేసులో "సాధారణంగా" అన్నమాట మీద ఎంత బరువు వేస్తారో ఆలోచించుకోండి.
మూడోది, కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు ఈ నియమం తెలియకపోవచ్చు. అమెరికా కస్టమ్స్ వాళ్ల సైట్‌లో దీని మీద ఉన్న పేజీ ప్రింట్, ఐ-94 ప్రింట్, ఐ-797 అసలు కాగితం, ఈ మధ్య పే స్లిప్పులు చేతి సంచిలో ఉంచండి.

కేటీ_రెసిడెంట్
నా ఓటు, స్టాంపింగ్ అయ్యాకే క్రూజ్. పిల్లలూ పెద్దవాళ్లతో కౌంటర్ దగ్గర ఆపేస్తే డబ్బు కూడా తిరిగి రాదు. కాగితాలు సరిగా లేక ఎక్కనివ్వకపోతే అది ప్రయాణికుడి తప్పు కిందే రాస్తారు, ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదు.

డెక్_ఏడు
కేటీ గారి భయం న్యాయమే గానీ, నియమం ఉన్నదే వాడుకోవడానికి. రాతపూర్వక జవాబు చేతిలో ఉంటే వెళ్లొచ్చు. డిపాజిట్ తిరిగొచ్చే రకం తీసుకుని, జవాబు వచ్చేదాకా పూర్తి డబ్బు కట్టకుండా ఆగాలి. మిగతా సొమ్ము కట్టే గడువు సుమారు 75 నుంచి 90 రోజుల ముందు వస్తుంది, సెలవుల ఓడలకు ఇంకా ముందే. ఆ తేదీలోపు ధర తగ్గితే అడిగి తగ్గించుకోవచ్చు కూడా.

సాగర_సంగీత
అసలు విదేశీ రేవే లేని క్రూజ్ ఉంటే ఈ గొడవే ఉండదు కదా?

డెక్_ఏడు
ఉంది, హవాయిలో. నార్వేజియన్ క్రూజ్ లైన్ కంపెనీ ఓడ ప్రైడ్ ఆఫ్ అమెరికా, హోనొలులులో ఎక్కి 7 రాత్రులు నాలుగు దీవులు తిరిగి అక్కడే దిగుతారు. మిగతా పెద్ద ఓడలు బహామాస్, పనామా లాంటి దేశాల జెండా కిందివి. 1886 నాటి ప్రయాణికుల నౌకల చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ అమెరికా రేవు నుంచి బయల్దేరి అమెరికా రేవుకే రావాలంటే మధ్యలో విదేశీ రేవు తాకాలి. ప్రైడ్ ఆఫ్ అమెరికా అమెరికా జెండా ఓడ కనుక ఆ బాధ లేదు. కాకపోతే విమాన టికెట్లు ఆరు, టెక్సాస్ నుంచి ఖర్చు బాగా పెరుగుతుంది.

ఐ94_అన్నయ్య
స్టాంపింగ్ చిక్కు ఉన్నవాళ్లకు అంతకన్నా మంచిది లేదు.
అమ్మానాన్నల గురించి ఒక మాట. తిరిగొచ్చాక వాళ్ల ఐ-94 తప్పకుండా ఆన్‌లైన్‌లో చూడండి. పాత తేదీయే ఉండొచ్చు, కొత్త తేదీ ఇచ్చి ఉండొచ్చు. కొత్త తేదీ వస్తుందన్న ధీమాతో తిరుగు టికెట్ జరపకండి. మీ ముగ్గురివీ చూసుకోండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర్లో ఉంటే ఐ-94 ఆ తేదీకే కత్తిరించేస్తారు, చాలామంది నెలల తర్వాత గానీ గమనించరు.
గ్రీన్ కార్డ్ దరఖాస్తు, అంటే ఐ-485, పెండింగ్‌లో ఉండి హెచ్ లేకుండా ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద ఉన్నవాళ్లు అడ్వాన్స్ పరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా ఓడ ఎక్కొద్దు. దరఖాస్తు వదులుకున్నట్టు అయిపోతుంది.
బాబుకి ఇలా తిరిగొచ్చే ఓడకు బర్త్ సర్టిఫికెట్ సరిపోతుంది గానీ పాస్‌పోర్ట్ ఉంచుకోండి. మెక్సికోలో ఏదైనా అయి విమానంలో రావాల్సి వస్తే పాస్‌పోర్ట్ లేకుండా కుదరదు.

బాల్కనీ_బాబ్జీ
స్టాంపుల మాట నేను చదవకుండా రాశాను, అన్నయ్య చెప్పిందే సరైనది. క్యాబిన్ల విషయానికొస్తే మాత్రం బాల్కనీ వదలొద్దు. పెద్దవాళ్లకు పొద్దున్నే గాలి, వెలుతురు.

లెక్కల_లలిత
ఆరుగురికీ బాల్కనీ అక్కర్లేదు. అమ్మానాన్నలకు బాల్కనీ, కారిడార్‌కి అవతలి వైపు ఎదురుగా మీ నలుగురికీ కిటికీ లేని లోపలి క్యాబిన్. పగలు అందరూ బాల్కనీలో కూర్చుంటారు, రాత్రి మీరు చీకట్లో హాయిగా పడుకుంటారు. ఒకే క్యాబిన్‌లో మూడో, నాలుగో మనిషికి ఛార్జీ తగ్గుతుంది, పన్నులూ టిప్పూ తగ్గవు. ఇద్దరిద్దరికి మూడు క్యాబిన్లు తీసుకుంటే ఆ తగ్గింపు పోతుంది.

డెక్_ఏడు
నలుగురికి లోపలి క్యాబిన్ అంటే పై నుంచి దిగే బెర్తులు రెండు. 4 ఏళ్లవాడిని పైన పడుకోబెట్టకూడదు, పాపని పైన వేయాలి. బాబుకి సోఫా బెడ్ ఉన్న క్యాబిన్ అడగండి. మధ్య తలుపు ఉండే కనెక్టింగ్ క్యాబిన్లు తక్కువ ఉంటాయి, డిసెంబర్‌కి ముందే అయిపోతాయి. పక్కపక్క క్యాబిన్లు వేరు, కనెక్టింగ్ వేరు, బుకింగ్‌లో చూసుకోండి. చవకగా దొరుకుతుందని "గ్యారంటీ క్యాబిన్" తీసుకుంటే నంబర్ కంపెనీ ఇష్టం, మీవి రెండూ ఓడకి రెండు కొసల్లో పడొచ్చు.
ఎక్కడ: ఓడ పొడవుకి మధ్యలో, కింది డెక్కుల్లో. ఊపు అక్కడ తక్కువ. లిఫ్టుకి దగ్గరగా, కానీ సరిగ్గా ఎదురుగా కాదు. డెక్ ప్లాన్ తీసి మీ క్యాబిన్‌కి పైన ఏముంది, కింద ఏముంది చూడండి. పైన ఈత కొలను డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద డాన్స్ క్లబ్బో థియేటరో ఉంటే అర్ధరాత్రి దాకా దడదడ. పైనా కిందా క్యాబిన్లే ఉన్న డెక్ మేలు.

సాగర_సంగీత
బాల్కనీలో కుర్చీలు రెయిలింగ్ దగ్గర ఉంచకండి, చిన్నవాడు ఎక్కేస్తాడు. తలుపుకి పైన గొళ్లెం ఉంటుంది, ఎప్పుడూ వేసి ఉంచండి.

మందులచీటీ
నాన్నగారి ఇన్సులిన్ గురించి. క్యాబిన్‌లో ఉండే చిన్న మినీబార్ నిజమైన ఫ్రిజ్ కాదు, కాస్త చల్లబరుస్తుంది అంతే. "మెడికల్ ఫ్రిజ్" అని ముందే స్పెషల్ నీడ్స్ విభాగానికి రాయండి, చాలా కంపెనీలు ఉచితంగా పెడతాయి. వాడిన సూదులకు డబ్బా కూడా అడగండి. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. పోర్టర్‌కి ఇచ్చిన పెట్టె సాయంత్రం దాకా క్యాబిన్‌కి చేరదు. ఫార్మసీ లేబుల్ ఉన్న సీసాల్లోనే తేండి, వెళ్లే రోజులకన్నా నాలుగు రోజుల మందు అదనంగా.
వాంతులకి మెక్లిజైన్ 25 మి.గ్రా. చీటీ లేకుండా దొరుకుతుంది. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే సరిగా పనిచేయదు, ఓడ కదలడానికి కనీసం గంట ముందు వేసుకోవాలి. కానీ 70 ఏళ్లాయనకి గ్లకోమా ఉన్నా, ప్రొస్టేట్ పెరిగి మూత్రం ఇబ్బంది ఉన్నా డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు. మత్తుకి మోకాళ్ల నొప్పి తోడైతే బాత్రూంలో పడిపోతారు.

పులిహోర_ప్రియ
అల్లం మురబ్బా చాలదా?

మందులచీటీ
తేలిగ్గా తిప్పినప్పుడు అల్లం, పుల్లటి ఆపిల్, ఉప్పు బిస్కెట్లు పనికొస్తాయి. పడుకుని ఫోన్ చూడటం మానేసి, బయటికొచ్చి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోట చూడమనండి. ఖాళీ కడుపుతో ఉంటే ఎక్కువవుతుంది.
ఇంకోటి. ఓడల్లో వ్యాపించే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిపోదు. సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాల్సిందే, బఫే గరిటెలు పట్టుకున్నాక మళ్లీ.

కేటీ_రెసిడెంట్
పెద్దవాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా బయట పనిచేస్తుందో లేదో చూడండి. ఓడ ఆస్పత్రి బిల్లు మీ కార్డు మీదే పడుతుంది, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. హెలికాప్టర్‌లోనో అంబులెన్స్ విమానంలోనో తేవాల్సి వస్తే ఖర్చు భరించలేం. మెడికల్ ఇవాక్యుయేషన్ ఉన్న ట్రావెల్ పాలసీ, ముందునుంచి ఉన్న జబ్బులకు వర్తించేది తీసుకోండి. ఆ వర్తింపు కావాలంటే మొదటి డిపాజిట్ కట్టిన కొద్ది రోజుల్లోపే పాలసీ కొనాలని షరతు ఉంటుంది.

పులిహోర_ప్రియ
ఇక తిండి. 5 రాత్రులూ పాస్తా తిని బతకాలని అనుకుంటారు, అవసరం లేదు. మెయిన్ డైనింగ్ రూమ్‌లో వేళ ఖాయంగా ఉండే భోజనం ఎంచుకోండి, సాయంత్రం 6 ప్రాంతంలోది. రోజూ అదే బల్ల, అదే వెయిటర్. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి "ఒకరికి శాకాహారం, గుడ్డు లేదు, చేప లేదు, కారం కావాలి" అని చెప్తే మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం, రొట్టె విడిగా చేసి పెడతారు. వంటింట్లో, సర్వీసులో మన దేశంవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకి అర్థమవుతుంది. ముందు రాత్రే చెప్పాలి, బల్ల దగ్గర కూర్చున్నాక అడిగితే ఉన్నదే వస్తుంది.
బఫేలో చాలా ఓడల్లో ఒకటో రెండో భారతీయ కూరలుంటాయి. సూపుల్లో కోడి ఎముకల రసం, కేకుల్లో గుడ్డు, జెల్లీల్లో జెలటిన్ అడిగి చూసుకోండి. ఏం దొరక్కపోయినా అన్నం, సాదా పెరుగు ఉంటాయి. పెరుగు పొద్దున కౌంటర్‌లో ఉంటుంది, మిగతా వేళల్లో వెయిటర్‌ని అడిగితే తెస్తారు.

డెక్_ఏడు
వేళ ఖాయంగా ఉండటం పిల్లలున్నవాళ్లకు ఇబ్బంది. ఇష్టమొచ్చిన వేళకి వెళ్లేది తీసుకుంటే నయం.

పులిహోర_ప్రియ
మాంసం తినేవాళ్లకి ఏదైనా ఒకటే. శాకాహారులకి మాత్రం వెయిటర్ మారితే రోజూ మొదట్నుంచీ చెప్పుకోవాలి. రేవు రోజు ఆలస్యమైతే ఆ పూట బఫేకి వెళ్లండి, ఎవరూ ఏమీ అనరు.

బాల్కనీ_బాబ్జీ
ఆవకాయ తీసుకెళ్లొచ్చా? అమ్మగారు అది లేకుండా ముద్ద ఎత్తరు కదా.

పులిహోర_ప్రియ
కంపెనీ సీలు వేసిన ప్యాకెట్ అయితే పర్లేదు. ఇంట్లో పెట్టి సీసాలో పోసింది, ఇంట్లో వండిన పులిహోర, పూరీలు చాలా కంపెనీలు ఒప్పుకోవు, స్కానింగ్‌లో తీసేస్తారు. సీలు తీయని పొడులు, మిక్చర్, ఖాఖ్రా చాలు. కరెంటు కెటిల్, కుక్కర్, ఇస్త్రీపెట్టె నిషేధం. అగరొత్తులు, కొవ్వొత్తులు, ప్రమిదలు కూడా. ఓడలో నిప్పంటే వాళ్లకు అన్నిటికన్నా పెద్ద భయం. అమ్మగారి పొద్దుటి పూజకి బ్యాటరీ దీపం పెట్టుకోండి.
మెక్సికోలో దిగేటప్పుడు ఓడ మీది పండ్లు, శాండ్‌విచ్‌లు పట్టుకెళ్లకండి. అక్కడ పట్టుకుంటే జరిమానా.

లెక్కల_లలిత
టికెట్ మీద పడేవి. టిప్పు కంపెనీని బట్టి తలకి రోజుకి సుమారు 16 నుంచి 20 డాలర్ల మధ్య, పిల్లలకీ అంతే. ఆరుగురు, 5 రాత్రులు, 18 చొప్పున వేస్తే 540 డాలర్లు. తర్వాత ఇంటర్నెట్, కూల్‌డ్రింకులు, ఫొటోలు, రేవుల్లో టూర్లు, పార్కింగ్. నీళ్లు, టీ, కాఫీ, నిమ్మరసం, పాలు టికెట్‌లోనే వస్తాయి. మందు తాగనివాళ్లు డ్రింక్ ప్యాకేజీ కొనాల్సిన పని లేదు. ఒకరు మందు ప్యాకేజీ కొంటే ఆ క్యాబిన్‌లో పెద్దవాళ్లంతా కొనాలన్న షరతు కూడా చూడండి.
ఓడ ఖాతాకి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే రోజూ కొంత సొమ్ము హోల్డ్ పెడతారు, విడుదలవడానికి వారం పైనే పట్టొచ్చు. పాప కార్డు మీద కొనుగోళ్లు ఆపించండి, గేమ్స్ గదిలో ఒక్క స్వైప్‌తో డబ్బు పోతుంది.

సాగర_సంగీత
ఫోన్లు రేవు వదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్. ఓడకి సొంత సెల్ టవర్ ఉంటుంది, దాన్ని పట్టుకుంటే బిల్లు చూడలేం. వాట్సాప్‌కి వైఫై ప్యాకేజీ కావాలి. ఆరుగురికీ వద్దు, ఒక్కటి కొని లాగౌట్, లాగిన్ చేసుకుంటూ వాడుకోండి.

ఫ్రిస్కో_నాన్న
ఓడ ఎక్కే రోజు వరస చెప్పగలరా? డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి పొద్దున్నే కారులో బయల్దేరితే అందుకుంటామా?

డెక్_ఏడు
ముందురోజే వెళ్లి హ్యూస్టన్‌లోనో గాల్వెస్టన్‌లోనో పడుకోండి. ఫ్రిస్కో నుంచి 300 మైళ్ల పైనే, మధ్యలో హ్యూస్టన్ ట్రాఫిక్. అధికారుల చేతికి ప్రయాణికుల పట్టీ ముందే వెళ్లాలి కనుక ఓడ కదలడానికి కనీసం గంట ముందే కౌంటర్ మూసేస్తారు, బతిమాలినా తెరవరు.
వరస ఇదీ. ఆన్‌లైన్ చెక్‌ఇన్ తెరుచుకున్న రోజే పాస్‌పోర్టులు స్కాన్ చేసి, ఫొటోలు ఎక్కించి, వచ్చే వేళ ఎంచుకోండి. మధ్యాహ్నం 12 లోపు స్లాట్లు ముందే అయిపోతాయి. లగేజ్ ట్యాగులు ప్రింట్ తీసి పిన్నులు కొట్టండి. గాల్వెస్టన్‌లో టెర్మినల్స్ అన్నీ ఒకేచోట ఉండవు, బోర్డింగ్ పాస్ మీద ఉన్న నంబర్ చూసి వెళ్లండి. ముందు పెద్దవాళ్లనీ పెట్టెల్నీ టెర్మినల్ ముందు దించి, ఒకరు కారు పార్క్ చేసి రావాలి. నాన్నగారికి చక్రాల కుర్చీ అక్కడే అడిగితే క్యాబిన్ దాకా తీసుకెళ్తారు. అది ఎక్కడానికీ దిగడానికే. రోజంతా కావాలంటే ముందే బయట అద్దెకి మాట్లాడుకోవాలి, ఓడకే తెచ్చి ఇస్తారు.
లోపలికి వెళ్లగానే ముందు మస్టర్ స్టేషన్‌కి వెళ్లండి. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో అది. ఇప్పుడు చాలా ఓడల్లో యాప్‌లోనో టీవీలోనో వీడియో చూసి, ఆ స్టేషన్‌లో కార్డు స్కాన్ చేయించుకుంటే చాలు. అందరూ చేయాలి, పెద్దవాళ్లకూ మినహాయింపు లేదు. బాబుకి చేతి పట్టీ కడతారు, చిన్నపిల్లల లైఫ్‌జాకెట్ ఎక్కడుందో స్టివార్డ్‌ని అడగండి.
క్యాబిన్లు 1:30 ప్రాంతంలో తెరుస్తారు, అప్పటిదాకా చేతి సంచితోనే తిరగాలి. మందులు, పాస్‌పోర్టులు, ఈత బట్టలు, బాబుకి ఒక జత, అన్నీ అందులో.

కేటీ_రెసిడెంట్
డిసెంబర్ నుంచి మార్చి దాకా గాల్వెస్టన్ కాలువలో పొగమంచు పడుతుంది. కాలువ మూసేస్తే వచ్చే ఓడ గంటల తరబడి బయటే ఆగుతుంది. కంపెనీ మెసేజ్‌లు పొద్దున్నే చూసుకుని బయల్దేరండి. తిరిగొచ్చే రోజు కూడా అంతే, మర్నాడు పొద్దున ఆఫీస్ మీటింగ్ పెట్టుకోకండి. మొదటి రోజు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీద చల్లగా ఉంటుంది, స్వెటర్లు ఉంచుకోండి.

బాల్కనీ_బాబ్జీ
బాత్రూంలో జెట్ స్ప్రే ఉండదని ఎవరూ చెప్పలేదేం?

సాగర_సంగీత
అవునండీ, ముఖ్యమైన విషయం. ప్లాస్టిక్ మగ్గో, నొక్కితే నీళ్లు వచ్చే ట్రావెల్ బిడే సీసానో పెట్టుకోండి. టాయిలెట్ వాక్యూమ్‌ది, తడి తుడుపుకాగితాలు వేస్తే మొత్తం వరస క్యాబిన్లవి మూసుకుపోతాయి.
గోడలు ఇనుపవి, అయస్కాంతపు కొక్కేలు పది తీసుకెళ్తే తడి బట్టలు, టోపీలు, సంచులు అన్నీ గోడకే. ప్లగ్గులు తక్కువ ఉంటాయి, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు జప్తు చేస్తారు. యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి చాలు. లోపలి క్యాబిన్ కటిక చీకటి, బాబు కోసం చిన్న బ్యాటరీ బెడ్‌లైట్.

డెక్_ఏడు
పిల్లల క్లబ్బులో మొదటి రోజే పేర్లు రాయించండి. 4 ఏళ్లవాడికి, 11 ఏళ్ల పాపకి వేరు వేరు గదులు. పగలు ఉచితం, రాత్రి 10 దాటితే గంటకింత అని పడుతుంది. డైపర్ మానేసిన పిల్లలకే ఈత కొలను. స్విమ్ డైపర్ ఉన్నా పెద్ద కొలనులో దిగనివ్వరు. లైఫ్‌గార్డు అన్ని ఓడల్లో ఉండరు, ఉన్నా మీ కన్ను తీయకండి.

ఫ్రిస్కో_నాన్న
రేవుల్లో నాన్నగారు నడవగలిగేవి ఏమున్నాయి? చిచెన్ ఇట్జా మాయా శిథిలాలు చూడాలని అమ్మ కోరిక.

రేవు_రాంబాబు
చిచెన్ ఇట్జా ప్రోగ్రెసో నుంచి వెళ్లడానికి 2 గంటలు, రావడానికి 2 గంటలు బస్సులో. అక్కడ ఎండలో నడక, ఇప్పుడు పిరమిడ్ ఎక్కనివ్వరు కూడా. అమ్మగారు వెళ్లగలిగితే ఓడ వాళ్ల టూర్‌లోనే వెళ్లండి. నాన్నగారికి నా సలహా జిబిల్చాల్తున్, ప్రోగ్రెసో నుంచి మెరిదా దారిలో, దగ్గర. అదీ మాయా శిథిలాలే, ఏడు బొమ్మల గుడి ఉంటుంది, చదునైన దారి. ప్రోగ్రెసో వంతెన లాంటి జెట్టీ 6.5 కిలోమీటర్లు, నడవాలని చూడకండి, ఉచిత బస్సు ఊళ్లోకి తీసుకెళ్తుంది.
కోజుమెల్ నుంచి తులుం (అవతలి ఒడ్డున ఉన్న మాయా శిథిలాలు) టూర్ పెద్దవాళ్లతో వద్దు. ముందు ఫెర్రీలో ప్లాయా దెల్ కార్మెన్‌కి ముప్పావు గంట, అక్కడ్నుంచి మళ్లీ బస్సు. ఫెర్రీలో ఊపు ఓడకన్నా ఎక్కువ. దీవి మీదే సాన్ హెర్వాసియో ఉంది, ఇష్‌చెల్ దేవత క్షేత్రం, టాక్సీలో వెళ్లిరావచ్చు. రాళ్ల దారి, కర్ర తీసుకెళ్లండి, దోమల మందు తప్పనిసరి. టాక్సీలకి మీటరు లేదు, ఎక్కేముందే ధర, ఎంతమందికి, వెళ్లిరావడానికా ఒకవైపుకా తేల్చుకోండి. ఆరుగురంటే వ్యాన్ అడగాలి. ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఉంచుకోండి, వందకి చిల్లర ఇవ్వరు.

బాల్కనీ_బాబ్జీ
ఓడ వాళ్ల టూర్ అంటే రెట్టింపు ధర. బయట మాట్లాడుకుంటే సగానికే వస్తుంది.

రేవు_రాంబాబు
దీవి మీదే తిరిగేవాటికి బయటివాళ్లే మేలు, ఒప్పుకుంటా. దూరం వెళ్లేవాటికి మాత్రం ఓడ టూరే. దారిలో టైరు పంక్చరైతే ఓడ టూర్ బస్సు కోసం ఓడ ఆగుతుంది, లేదా వాళ్లే తర్వాతి రేవుకి చేరుస్తారు. మీ టాక్సీ కోసం ఆగదు. స్టాంపు తీరిపోయినవాళ్లు మెక్సికోలో చిక్కుకుని విమానం ఎక్కాల్సి రావడం, పెద్దవాళ్లు ఓడలో ఉండిపోవడం ఊహించుకోండి. ఈ కుటుంబం సగం ధర కోసం ఆ జూదం ఆడకూడదు.
టైమ్ సంగతి శ్రద్ధగా చదవండి. కోజుమెల్ ఉన్న రాష్ట్రం ఏడాది పొడవునా ఒకే టైమ్ పాటిస్తుంది. డిసెంబర్‌లో అది టెక్సాస్ కన్నా గంట ముందు. ప్రోగ్రెసో డిసెంబర్‌లో టెక్సాస్‌తో సమానం, వేసవిలో గంట వెనక. వేసవిలో వెళ్లేవాళ్లు ప్రోగ్రెసోలో ఫోన్ గడియారం నమ్ముకుంటే 3:30కి ఎక్కాల్సిన ఓడకి ఫోన్ 2:30 చూపిస్తుంది. కొన్ని ఓడలు తమ గడియారం రేవుకి తగ్గట్టు మారుస్తాయి, కొన్ని మార్చవు. ముందురోజు రాత్రి వచ్చే కార్యక్రమ పత్రంలో రాసి ఉంటుంది. చేతి గడియారం ఓడ టైమ్‌కి పెట్టుకుని దాన్నే చూడండి.

పులిహోర_ప్రియ
మెక్సికోలో అన్నం కోడి రసంలో వండుతారు, బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు. "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అంటే చాలదు. "సిన్ పోయో, సిన్ మాంతెకా, సిన్ కాల్దో దె పోయో" (కోడి, పంది కొవ్వు, కోడి రసం లేకుండా) అని కాగితం మీద రాసి చూపించండి. గ్వాకమోలే, చిప్స్, కోసిన పండ్లతో సరిపెట్టుకుని ఓడకొచ్చి తినడం ఇంకా నయం.

ఐ94_అన్నయ్య
రేవులో దిగేటప్పుడు ఓడ కార్డు, ఫొటో గుర్తింపు కార్డు, పాస్‌పోర్టూ ఐ-94ల జిరాక్సులు పట్టుకెళ్లి, అసలువి క్యాబిన్ లాకర్‌లో పెట్టండి అని చాలామంది చెప్తారు. మీ ముగ్గురి విషయంలో నేను అసలువే, నీళ్లు చొరని సంచిలో, ఒంటి మీదే ఉంచుకోమంటాను. ఓడ తప్పిపోతే కాగితాలు ఓడతో పోకూడదు.

కేటీ_రెసిడెంట్
అసలువి పోగొట్టుకుంటే? బీచ్‌లో సంచి దొంగిలిస్తే అంతకన్నా పెద్ద చిక్కు.

ఐ94_అన్నయ్య
అందుకే ఈ కుటుంబం కోజుమెల్‌లో అందరూ ఒకేసారి నీళ్లలో దిగకూడదు. అమ్మానాన్నల్లో ఒకరు సంచితో ఒడ్డున కూర్చోవాలి. దొంగతనం కన్నా ఓడ తప్పడమే వీళ్లకు ప్రమాదం.

ఫ్రిస్కో_నాన్న
5 రాత్రులదే ఖాయం. డిపాజిట్ తిరిగొచ్చే రకంలో రెండు ఎదురెదురు క్యాబిన్లు చూశాను, 6వ డెక్, మధ్యలో. కంపెనీకి ఈమెయిల్ ఈ రాత్రే పంపుతున్నా. మెక్సికో కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కూడా చూస్తున్నా. దిగే రోజు గురించి ఎవరైనా చెప్పండి.

డెక్_ఏడు
రెండు దారులు. మీ పెట్టెలు మీరే మోసుకుంటే మొదట దిగిపోవచ్చు, మోకాళ్ల నొప్పులతో, 4 ఏళ్లవాడితో అది వద్దు. రెండోది, ముందురాత్రి పెట్టెలకు ఓడ వాళ్లిచ్చిన రంగు ట్యాగు కట్టి చెప్పిన వేళకి తలుపు బయట పెట్టడం. పెట్టేముందు రాత్రి బట్టలు, పొద్దుటి బట్టలు, చెప్పులు, ఇన్సులిన్, పాస్‌పోర్టులు విడిగా తీసుకున్నారో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. చక్రాల కుర్చీ కావాలని ముందురోజే గెస్ట్ సర్వీసెస్‌లో రాయించాలి, దిగే పొద్దున అడిగితే గంట పైనే ఆగాలి.
పండ్లు, మాంసం, గింజలు దించొద్దు. మిగిలిన పచ్చడి ప్యాకెట్ ఉంటే డిక్లేర్ చేసేయండి.

ఐ94_అన్నయ్య
దిగినచోట ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని మీరే ముందు చెప్పండి. పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-797 ఈ వరసలో చేతికివ్వండి. పక్కకి పిలిచి కూర్చోబెడితే కంగారు పడకండి, చూసి పంపిస్తారు. అందుకే ఆరోజు తొందరగా ఇంటికి చేరాలన్న లెక్కలు వేసుకోవద్దు, పిల్లల బిస్కెట్లు చేతి సంచిలో ఉంచండి.

లెక్కల_లలిత
పార్కింగ్ ఇప్పుడే ఆన్‌లైన్‌లో కట్టేయండి, డిసెంబర్‌లో దగ్గరి లాట్లు నిండిపోతాయి. ఆ రసీదు కూడా ప్రింట్ తీసుకోండి.